అనుమతి అక్కఱలేదను అనుమతికై

మహారాజరాజశ్రీ కౌంటీ జడ్జిగారికిని, వారి కొలువునందు ఆసీనులై యుండు నలువురు కమిషనర్లకును, మీ యేలుబడియందు ఏడెకరముల నేలకు యజమానుడయ్యు నాలుగు గోడలకు యజమానుడు కాజాలకున్న తెలుగువాడొకడు అనేక నమస్కారములు చేసి వ్రాసికొను విన్నపము. కౌంటీ పేరు వ్రాయలేదు. టెక్సాసు రాష్ట్రమున 254 కౌంటీలున్నవి. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొనువారెవరో, ఈ లేఖ వారిదే.

ఈ నేల నాకు విక్రయించిన ఏజెంటు, "ఇది ఏ నగరపు హద్దులలోను లేని భూమి, ఇచ్చట ఇల్లు కట్టుకొనుటకు ఎవ్వరిని అడుగ పనిలేదు" అని పలికినప్పుడు, గుంటూరు జిల్లాలో ఇంటి ప్లాను చంకను పెట్టుకొని పంచాయతీ కార్యాలయపు అరుగుమీద సెక్రటరీగారి రాకకై కాచియున్న దినములు ఇంకను మఱువని నాకు, ఆ పలుకు వేదవాక్యమై తోచినది. అతడు అసత్యమాడలేదు. శాసనసభ విప్పిచెప్పి యిచ్చిన అధికారము తప్ప ఈ రాష్ట్రమున కౌంటీకి వేఱొండు లేదు. 2009లో ఇండ్ల కట్టడపు ప్రమాణములను, మూడు దశల తనిఖీలను విధించుకొను స్వేచ్ఛ నొసగినను, మీరు దానిని చేపట్టలేదు. అందుచేత మీకడ గృహనిర్మాణానుమతి యనునది లేనేలేదు. ఇట్టి భూమిని ఇచ్చటివారు "అన్‌ఇన్‌కార్పొరేటెడ్" అందురు. ఆ మాటను విడదీసి చూచితిని, దేహము ధరింపనిది అని అర్థము వచ్చినది. మీ కార్యాలయమునకు ఫోను చేసినప్పుడెల్ల ఒక్క మనిషియు దొరకక అశరీరవాణి మాత్రమే పలుకుటకు కారణము అప్పుడు బోధపడినది.

ఇల్లు కట్టుటకు అనుమతి అక్కఱలేదు గాని, ఇంటికి పోవుటకు కావలెను. రోడ్డు ప్రక్క కాలువపై తూము వేసి దారి కలుపుకొనుటకు దరఖాస్తు పెట్టబోగా, అందు మొదటి గడి "చిరునామా". చిరునామా నిచ్చువారు 911 విభాగమువారు. అంబులెన్సు దారి తప్పకుండుటకై ఇంటినంబరు వేయు ఆ పుణ్యాత్ములు, "నీ దారి రోడ్డును తాకిన చోటినుండి కొలిచి గాని నంబరు వేయము, తూము వేసికొని రమ్ము" అనిరి. పిచ్చి కుదిరితే గాని పెండ్లి కుదరదు, పెండ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు! ఆ రెండు బల్లల నడుమ మూడు వారములు తిరిగిన పిమ్మట, ఒక వృద్ధ గుమాస్తా నన్ను చూచి జాలిపడి, గొంతు తగ్గించి, "నంబరు గడిలో సున్న వేయుడు" అని ఉపదేశించినది. సున్నను కనుగొన్నది మావారేయని ఇన్నాళ్లు గర్వపడుచుంటినే గాని, అది ఇంతగా అక్కఱకు వచ్చునని ఎఱుగను.

ఇక సెప్టిక్ ట్యాంకు. పదియెకరములును అంతకు మించియు నున్నవాడు తన ఒంటియింటికి, హద్దులకు 100 అడుగులు విడిచి అమర్చుకొన్నచో, రాష్ట్రపు నిబంధన ప్రకారము సామాన్యముగా ఈ అనుమతియు అక్కఱలేదు. నాకు మూడెకరములు తక్కువ. నేలను పరీక్షింప వచ్చిన పెద్దమనిషి యంత్రముతో రెండు గుంటలు త్రవ్వించి, ఒకదానిలోనికి దిగి, పిడికెడు మన్ను తీసి, సీసానీటితో తడిపి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కి నాడావలె సాగదీసెను. అది తెగక వ్రేలాడుచుండగనే "నాలుగవ తరగతి" అని తీర్పు చెప్పెను. అది నల్లరేగడి, మహాశయులారా! వాన కురిసిన ఉబ్బి, ఎండ కాసిన చేయి దూరునంత బీటలు వాఱు ఆ మన్ను, చిన్ననాడు ప్రత్తిచేలలో నా చెప్పులు ఊడలాగికొన్న మన్నే. సముద్రములు దాటి వచ్చినను నన్ను విడువలేదు. ఇట్టి నేల నీటిని ఇంకనీయదు గనుక, మురుగులోనికి గాలి నూది, క్లోరిను బిళ్లలతో శుద్ధిచేసి, పచ్చికపై చిలకరించు యేర్పాటు వేయవలెను. దానిని నాలుగు నెలలకొకసారి పరీక్ష చేయింపవలెను. ఖర్చు చెప్పగా నా భార్య కుర్చీలో కూలబడినది గాని, ఇందు నాకు ఫిర్యాదు లేదు. నా బావినీరు త్రాగవలసినవాడను నేనే గదా.

వరద పత్రమునుగూర్చియు నాకు పేచీ లేదు. 1968లో పుట్టిన కేంద్రపు వరద బీమా పథకమున చేరిన కౌంటీ, పటమునందు పల్లముగా గుర్తింపబడిన చోట అనుమతి లేనిదే కట్టనీయరాదు. సంవత్సరమున పదునొకండు నెలలు ఎండియుండు నా వాగు, పటము మూలను నీలిరంగు పులుముకొని యున్నది. సర్వేయరు వచ్చెను, మిట్ట మిట్టయే యని వ్రాసి యిచ్చెను, అంతటితో సరి.

నా మొఱ యంతయు బ్యాంకును గూర్చినది. అప్పు మంజూరు చేయుచు వారు కోరిన పదునాలుగు కాగితములలో తొమ్మిదవది గృహనిర్మాణానుమతి నకలు. అది ఇచ్చట లేదంటిని. లేదని కౌంటీవారిచేత వ్రాయించుకొని రమ్మనిరి. మీ గవాక్షముకడకు రాగా, లోపలి యువకుడు ఫారముల పెట్టెనంతయు వెదకి, మిక్కిలి మర్యాదగా, "లేనిదానికి లేదని వ్రాసి యిచ్చు ఫారము మాకడ లేదు, అయ్యా" అని సెలవిచ్చెను. అడిగి నిరాకరింపబడినవాని దుఃఖము నేనెఱుగుదును, దానికి పై యధికారి యొకడుండును. నిరాకరించు అధికారము సైతము లేనివాని యెదుట నిలిచినవాడు ఎవరికి అప్పీలు చేయవలెను?

కావున తాము దయతలచి, కౌంటీ ముద్రగల కాగితముపై, "ఇతనికి మా అనుమతి అక్కఱలేదు" అను ఒక్క పంక్తి వ్రాయించి, క్రింద సంతకము చేయింప ప్రార్థన. రుసుము ఎంతయో సెలవిచ్చినచో చెల్లింతును. బ్యాంకువారి గడువు ఈ నెలాఖరుతో సరి. తూము పడినది, నంబరును వచ్చినది. ఆ నంబరు పలకను గడ్డిలో కొయ్యకు కొట్టి నిలిపితిని. సాయంకాలములందు లేళ్లు వచ్చి దానికి ఒడలు రాచుకొని పోవుచున్నవి.

చిత్తగించవలయును.

ఇట్లు,
ఇల్లు లేని ఇంటినంబరువాడు