మా రోజుల్లో వానపాముకు పేరుండేది

మొన్న మా పద్మారావు నగర్‌లో స్కందగిరి గుడి దారిలో ఒక మొక్కల బండి ఆగింది. కుండీలు, ఎరువు సంచులు, వాటి పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా బతికున్న వానపాములు. కిలో లెక్కన అమ్ముతున్నాడు. మూత తీసి చూపించి "నంబర్ వన్ మాల్ సార్" అన్నాడు. "ఏ వానపాము బాబూ ఇది?" అని అడిగాను. అతను నా వంక జాలిగా చూశాడు. "వానపామంటే వానపామే సార్. ఆర్గానిక్."

వంకాయలు కొంటే గుత్తివంకాయా, పొడుగు వంకాయా అని అడుగుతాం. మామిడిపండైతే బంగినపల్లా, హిమాయతా అని అడగనిదే చేయి కూడా వేయం. వానపాముకు ఆ మర్యాద లేదు. డబ్బాలో ఊదారంగు మెరుపుతో కదులుతున్నది యూడ్రిలస్ యూజీనియే. పశ్చిమ ఆఫ్రికా సరుకు. అది మనది కాదని నేను చెప్పబోతే, వెనకున్న అమ్మాయి "అంకుల్, కొంచెం జరుగుతారా?" అంది. జరిగాను.

నేను జంతుశాస్త్రం లెక్చరరుగా ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి 2009లో రిటైరయ్యాను. ఖాళీ దొరికినప్పుడల్లా వానపాముల్ని పట్టుకుని, కోసి, పేరు తేల్చడం నా పిచ్చి. పెళ్లిచూపుల నాడు "అబ్బాయి పరిశోధన దేనిమీద?" అని మా మామగారు అడిగితే, మా నాన్న "వానపాముల మీద" అన్నారు. మామగారికి మొదటి రెండక్షరాలు వినబడలేదు. పాములవాడికి పిల్లనిస్తున్నానా అని రెండు రోజులు నిద్రపోలేదట. అసలు సంగతి తెలిశాక ఇంకో రెండు రోజులు నిద్రపోలేదట. పాములవాడికైనా నాలుగు డబ్బులొస్తాయి కదా!

మా రోజుల్లో బీఎస్సీ ప్రాక్టికల్స్ అంటే మైనం పోసిన ట్రే, గుండుసూదులు, ఫార్మలిన్ వాసన. వానపామును వీపు వైపు నుంచి కోయాలి. పొట్ట వైపు కోశావా, నాడీదండం తెగిందన్నమాటే, మార్కులూ తెగాయన్నమాటే. మూడో నాలుగో ఖండితాల దగ్గర గొంతు చుట్టూ ఉండే నాడీవలయాన్ని తెగకుండా బయటపెట్టిన వాడికి క్లాసులో కొంత గౌరవం ఉండేది. తల వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోతే 14, 15, 16 ఖండితాల మీద ఉంగరం తొడిగినట్టు క్లైటెల్లం. 14వ ఖండితం అడుగున ఒకే ఒక్క స్త్రీ రంధ్రం. 18వ దాని అడుగున రెండు పురుష రంధ్రాలు. ఆడా మగా ఒక్క ఒంట్లోనే. పేగు లోపల 26వ ఖండితం నుంచి ఆంత్రవళి మడత. డెబ్భై నాలుగేళ్లొచ్చాయి, పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో మా ఆవిడే చెప్పాలి కానీ ఈ అంకెలు మాత్రం పోలేదు.

ఆ కోయడం సరదాకు కాదు. వానపాముకు ముఖం లేదు, కాళ్లు లేవు, రెక్కలు లేవు. పైనుంచి చూసి ఇది ఫలానా అనడానికి పట్టు దొరకదు. దాని చిరునామా అంతా లోపలే. శుక్రగ్రాహికలు ఎన్ని జతలు, ఏ ఖండితాల్లో ఉన్నాయి, ప్రోస్టేటు గ్రంథులు ఎక్కడ, శూకాలు చుట్టూ వలయంలా ఉన్నాయా లేక ఖండితానికి ఎనిమిదే ఉన్నాయా, ఇవన్నీ చూస్తే తప్ప పేరు తేలదు. క్లైటెల్లం రాని పిల్ల వానపాము దొరికితే ఎంత పండితుడైనా చేతులెత్తేయాల్సిందే.

పేరు గొడవ కూడా మా రోజుల్లోనే మొదలైందని ఒప్పుకోవాలి. 1969లో తెలంగాణ ఉద్యమంతో మాకో విద్యాసంవత్సరం పోయింది. 1972లో ఉస్మానియాలో ఎమ్మెస్సీలో చేరితే ముల్కీ గొడవ, జై ఆంధ్ర. క్లాసులు సాగిన రోజులకంటే ఆగిన రోజులే ఎక్కువ అనిపించేది. సరిగ్గా ఆ ఏడాదే లండన్‌లో సిమ్స్, ఈస్టన్ అనే ఇద్దరు కూర్చుని, కంప్యూటరుతో లెక్కలు కట్టి, ఫెరెటిమా అనే పెద్ద ప్రజాతిని ముక్కలు చేశారు. మేం కోసి కోసి చేతులు నొప్పెట్టిన ఫెరెటిమా పోస్తుమా కాస్తా మెటాఫైర్ పోస్తుమా అయింది. నాకా కబురు చేరేసరికి ఏడెనిమిదేళ్లు. తెలిశాక ఒళ్లు మండింది. సొంత మనిషికి వేరే ఊళ్లో వేరే పేరు పెట్టినట్టుంది. పిల్లలు మాత్రం ఆ తర్వాత కూడా పాఠ్యపుస్తకంలో ఫెరెటిమా అనే చదివారు, నేను ఫెరెటిమా అనే చెప్పాను. చెప్పి, "అసలు పేరు వేరే ఉంది" అని గొణిగేవాణ్ణి. వాళ్లు అది రాసుకునేవాళ్లు కాదు, పరీక్షలో రాదు కాబట్టి.

ఇంకా మండే సంగతి, మనం 'భారతీయ వానపాము' అని దశాబ్దాలు నెత్తిన పెట్టుకున్న ఆ పోస్తుమాను 1868లో వాయాన్ అనే ఫ్రెంచాయన వర్ణించింది జావా నమూనాల నుంచి. దాని బంధువర్గమంతా ఆగ్నేయాసియాలో ఉంది. మొక్కల వేళ్లతో, మట్టితో మన దగ్గరికి వచ్చి స్థిరపడిన మనిషి అది. ఇక నిజంగా మన దక్షిణాది నేలల్లో పుట్టి పెరిగిన లాంపిటో మారిషీకేమో కిన్‌బర్గ్ అనే స్వీడన్ వాడు మారిషస్ పేరు పెట్టాడు, అక్కడ దొరికిందని. మధ్యలో దాన్ని కొన్నాళ్లు మెగాస్కోలెక్స్ అన్నారు, మళ్లీ లాంపిటో అన్నారు. పుట్టింటి పేరు లేని ఆడపిల్లలా తిరిగింది పాపం.

అయినా పాత తరం పండితులతో పోల్చుకుంటే సిగ్గేస్తుంది. స్టీఫెన్‌సన్ అనే ఆయన వైద్యుడు, లాహోర్ గవర్నమెంట్ కాలేజీ ప్రిన్సిపాలుగా చేసినవాడు. 1923లో ఈ దేశపు వానపాములన్నిటికీ ఒక సంపుటం రాశాడు. కరమ్ నారాయణ్ బహల్ 1919లో ఒక చిత్రం కనిపెట్టాడు: ఫెరెటిమాలో చాలా వృక్కాలు వ్యర్థాల్ని ఒంటి బయటికి కాకుండా పేగులోకే వదులుతాయి. బయటికి పోవాల్సిన నీటిని పేగు తిరిగి పీల్చుకుంటుంది. వానకూ వానకూ మధ్య నెలల తరబడి ఎండే దేశంలో బతకాలంటే ఆ పొదుపు కావాలి. మా నల్లా రెండు రోజులకోసారి వచ్చిన కాలంలో మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు తులసికి పోసేది, అదీ అంతే. బహల్ 1926లో లక్నో నుంచి రాసిన 'ఫెరెటిమా' పుస్తకం దగ్గర పెట్టుకునే మేం కత్తెర పట్టింది.

ఇంకొకాయన గేట్స్. అమెరికన్. రంగూన్ జడ్సన్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవాడు. ఆ రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో అప్పుడు చెమటోడ్చినవాళ్లలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల నుంచి వెళ్లిన మనవాళ్లు వేలకు వేలు. 1942లో జపాను సైన్యం వచ్చేసరికి వాళ్లు కాలినడకన కొండలు దాటి వచ్చారు. గేట్స్ బర్మా చదువు కూడా ఆ యుద్ధంతోనే ముగిసింది. వానపాముల్ని మాత్రం వదల్లేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, మళ్లీ ఆ 1972లోనే, 'బర్మీస్ ఎర్త్‌వర్మ్స్' అనే గ్రంథం అచ్చయింది. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదేళ్లు. నేనిప్పుడు ఆ వయసుకు దగ్గర్లో ఉన్నాను, కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూ.

పిల్లలకు చెబితే నమ్మేవాళ్లు కాదు కానీ ఖండాలు కదిలాయన్న వాదానికి కూడా వానపాము సాక్ష్యం చెప్పింది. ఉప్పునీళ్లలో పడితే ఇది బతకదు, సముద్రం ఈదలేదు. మరి మన దేశపు వానపాములకు న్యూజిలాండ్‌లో చుట్టాలెలా వచ్చారు? హాంబర్గ్‌లో మైకేల్‌సన్ అనే పండితుడు ఈ చుట్టరికాలన్నీ పటాల మీద గీశాడు. ఖండాలు విడిపోయాయని వాదించిన వెగెనర్ తన పుస్తకంలో ఆయన్ని సాక్షిగా నిలబెట్టుకున్నాడు. నేల పగిలి రెండు ముక్కలైంది, ఎటున్న వానపాము అటే పోయింది. మన అన్నదమ్ముల పంపకాల్లో పెరటి చెట్టు ఎటు పోతే అటే పోయినట్టు.

ఇప్పుడేం జరుగుతోంది? రైతుమిత్ర అంటారు. ఈ మాట వింటే నాకు చిరాకు. ప్రతి వ్యాసంలో, ప్రతి పోస్టరులో రైతుమిత్ర, రైతుమిత్ర. ఏ మిత్రుడు? బూషె అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1970ల్లోనే వానపాముల్ని బతికే తీరును బట్టి మూడు రకాలుగా విడదీశాడు. పైపైన ఆకులచెత్తలో ఉండేవి, మట్టిలోనే మట్టి తింటూ ఉండేవి, లోతుగా నిలువు బొరియ తవ్వుకుని పైకొచ్చి ఆకుల్ని లోపలికి లాక్కెళ్లేవి. ఎరువు తొట్టిలో పనికొచ్చేది మొదటిరకం. దాన్ని తెచ్చి పొలంలో వదిలితే చెత్త లేని నేలలో అదేం చేస్తుంది? ఎండిపోతుంది, కాకులు తింటాయి. పొలానికి కావాల్సింది ఆ పొలంలో ఉన్నవే. చెన్నైలో సుల్తాన్ ఇస్మాయిల్ గారు ఆఫ్రికా సరుకు ఎందుకు, మన పెరియోనిక్స్, మన లాంపిటో చాలవా అని చెప్పి, చేసి చూపించారు. ఇక్కడ పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో (అదీ పుట్టింది 1972లోనే, నా జాతకంలో ఆ సంవత్సరం ఏం చేసుకుందో!) ఎం.వి. రెడ్డి, ఆయన సహచరులు మన ఎర్రనేలల్లో దున్నకం మారిస్తే, నేల మీద గడ్డి పరిస్తే వానపాముల బరువు ఎలా మారుతుందో తూచి 1995లో ప్రచురించారు. మన నేల, మన వానపాము. నర్సరీ బండి వాడికి ఈ పేర్లేవీ వినే అవసరం రాలేదు.

కోత కూడా పోయింది. 2014లో యూజీసీ డిసెక్షన్లు ఆపేసింది. నిజం చెప్పాలంటే ఇందులో నాకు పెద్ద ఏడుపు లేదు. రికార్డులో ముందే గీసేసిన బొమ్మ కోసం ఏటా అన్ని ప్రాణాలు తీయించాం, ఎందుకో అప్పుడు మాకు తోచలేదు. కానీ కోత ఆపినవాళ్లు పేరు తేల్చే చదువును ఇంకెక్కడైనా కూర్చోబెట్టాలి కదా? అది జరగలేదు. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలోంచి వానపాము పాఠమే ఎత్తేశారు. బొద్దింకనూ ఎత్తేశారు. కప్ప మిగిలింది.

డీఎన్‌ఏ ఉంది కదా అంటాడు మా మనవడు. ఉంది. చిన్న ముక్క చాలు, పిల్ల వానపామైనా గుడ్డైనా పనికొస్తుంది. మాకు చేతకానిది అది చేస్తుంది, కాదనను. కానీ వచ్చిన వరుసను పోల్చడానికి ఎవరో ఒకరు కోసి, చూసి, పేరు పెట్టిన నమూనా ఒకటి ఉండాలి. లేకపోతే ఆధార్ నంబరుంది, మనిషి పేరు లేదు. పైగా మేం జీవితాంతం ఫార్మలిన్‌లో దాచిన సీసాల్లోంచి డీఎన్‌ఏ తీయడం మహా కష్టం. స్పిరిట్‌లో పెట్టుంటే పనికొచ్చేవి. ఈ తప్పు మాది. నేను పనిచేసిన ఒక కాలేజీలో (పేరెందుకులెండి) నా సీసాలు అరవై దాకా ఉండేవి. తేదీ, ఊరు, ఖండితాల లెక్క అన్నీ ఇండియన్ ఇంకుతో రాసి లోపల వేశాను. నేను రిటైరైన మూడో ఏట ఆ గది కంప్యూటర్ ల్యాబయింది. సీసాలు కడిగి అటెండరు ఊరగాయలకు ఇంటికి తీసుకెళ్లాడని విన్నాను. ఫార్మలిన్ సీసాలు! ఆ ఆవకాయ ఎవరూ తినలేదనే అనుకుంటున్నాను.

మా రోజుల్లో పద్మారావు నగర్‌లో ప్రతి ఇంటికీ పెరడు ఉండేది. జామచెట్టు, దానిమ్మ, బావి గట్టు పక్కన అరటి, అంట్లు తోమిన నీళ్లు పారే పాదు. ఆ పాదులో చేయి పెడితే చాలు. జూన్‌లో తొలి వానకు బొరియలు నీళ్లతో నిండితే, వాకిలి నిండా వానపాములు, వాటి మీద గోరింకల విందు. ఇప్పుడు పెరడంతా సెల్లార్ పార్కింగు. గోడ నుంచి గోడకు సీసీ రోడ్డు. వానపాము ఒంటితో ఊపిరి పీలుస్తుంది. ఆ చర్మం తడిగా ఉండాలి. తొలి వానకు ఎక్కడి నుంచో ఒకటి సిమెంటు మీదికి వస్తుంది, తొమ్మిదింటికి ఎండొస్తుంది, పదింటికి అది చెప్పులవాడి తోలుముక్కలా అతుక్కుపోయి ఉంటుంది. మా అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో కనీసం గోడ వెంట రెండడుగుల మట్టి వదలమన్నాను. "చెదలొస్తాయి సార్" అన్నారు. చెదలకూ వానపాముకూ తేడా చెప్పబోయాను. ఎజెండాలో తర్వాతి అంశం లిఫ్టు.

పోయిన వారం వాన పడ్డాక మా వాచ్‌మన్ భార్య కరివేపాకు కుండీ కుమ్మరిస్తోంది. పాలమూరు వైపు వాళ్లు. ఆకులచెత్తలోంచి ఒకటి, అడుగు మట్టిలోంచి ఒకటి, రెండు వానపాములు బయటపడ్డాయి. భూతద్దం కోసం నేను ఇంట్లోకి వెళ్లబోతుంటే ఆమె అంది: "ఈ పైన చెత్తల ఉండేది ముట్టుకుంటే ఎగిరెగిరి పడ్తది సార్. గాలానికి గుచ్చితె చాప జల్ది పడ్తది. కింద మట్టిల ఉండేది సుస్తీది, మెల్లగ పోతది, దానికి చాప రాదు."

బూషె మూడు రకాల్లో రెండు రకాలు. ఏ పుస్తకమూ లేకుండా.

"మరి వీటికి మీ ఊళ్లో ఏం పేర్లమ్మా?" అన్నాను. గండూపదం, మహీలత, కించులకం, మన ఉర్దూ వీధుల్లో కేంచువా, అన్నీ నా నాలుక మీదున్నాయి. ఈవిడ దగ్గర ఇంకో రెండు కొత్తవి దొరుకుతాయేమో అని ఆశ.

ఆమె రెంటినీ కుండీలో వేసి మట్టి కప్పింది. "రెండిటినీ ఎర్రలే అంటరు సార్. అలగ్ అలగ్ పేర్లు పెట్టుడు మీ పని గద!"