మెత్తటి మాచా బన్ను: నల్లగొండ, పాలమూరు గృహస్థులకు కొన్ని సూచనలు

మాచా అనే గ్రీన్ టీ పొడితో తియ్యటి బన్నులు చేయదలచినవారు మొట్టమొదట జొన్నపిండి డబ్బాను అటకెక్కించాలి. అది ఎదురుగా ఉంటే ఈ వంట సాగదు. బన్ను మెత్తదనానికి అసలు కిటుకు అంటూ బేకింగ్ తరగతుల్లో ఇప్పుడు నేర్పే పద్ధతి ఒకటుంది. మైదాలో అయిదో వంతు పక్కకు తీసి, దానికి సమానంగా మరిగే నీళ్లు పోసి, కలిపి రాత్రంతా ఉంచి, మర్నాడు మిగతా పిండిలో చేర్చాలి. జపాన్‌లో దీన్ని యుదానే అంటారు. తాంగ్‌జోంగ్ అనే మరో రకంలో ఒక వంతు పిండికి అయిదు వంతుల నీళ్లు పోసి 65 డిగ్రీల దాకా కాచుతారు. తైవాన్‌లో ఇవాన్ చెన్ 2007లో వేసిన పుస్తకంతో అది ఊరూరా పాకింది. వేడికి పిండిలోని గంజి పదార్థం ఉబ్బి నీటిని పట్టుకుంటుంది. ఓవెన్లో పెట్టినా ఆ నీరు తొందరగా వదలదు కనుక బన్ను రెండు మూడు రోజులు మెత్తగా ఉంటుంది. ఇంత విజ్ఞానమూ నారాయణపేట నుంచి దేవరకొండ దాకా ఎసరు మరిగించి జొన్నపిండిలో పోసే ప్రతి ఇంట్లోనూ ఉంది. జొన్నలో గ్లూటెన్ లేదు. చన్నీళ్లతో కలిపితే రొట్టె అంచులు పగులుతాయి, ఉడుకు నీళ్లు పోస్తేనే పిండికి జిగురొచ్చి చేతికి లొంగుతుంది. రొట్టెలు చేసే పెద్దమ్మను పిలిచి యుదానే చూపిస్తే "గింతేనా?" అంటుంది. తరగతికి ఫీజు కట్టి ఉన్నారు కాబట్టి పిలవకపోవడమే మంచిది.

జొన్నరొట్టె పొంగదు కదా, బన్ను పొంగుతుంది కదా అని ఎవరైనా అడ్డుతగలవచ్చు. న్యాయమైన మాటే. పొంగించే గాలిని పుట్టించేది ఈస్టు, దాన్ని పట్టి నిలిపేది గోధుమలోని గ్లూటెన్. రొట్టె బన్ను కాదు, కానక్కర్లేదు కూడా. ఇక్కడ వాదమల్లా మెత్తదనం గురించే. అయినా పొంగు సంగతి ఎత్తారు కాబట్టి చెప్పాలి. వంటల పుస్తకాల్లో "పిండిని వెచ్చని చోట గంటన్నర ఉంచండి" అని రాసినవారు చలిదేశాల వంటిళ్లను మనసులో పెట్టుకుని రాశారు. మే నెలలో నల్లగొండలో పగటి వేడి 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, వెచ్చని చోటు కోసం ఇల్లంతా వెతికే శ్రమ లేదు. ఆ వేడికి పిండి చూస్తుండగానే పొంగి, పులిసి, చతికిలపడుతుంది. కాబట్టి మిగతా పిండిని ఐసు నీళ్లతో కలిపి, గిన్నెను ఏసీ గదిలో పెట్టి, ఇంటిల్లిపాదీ వరండాలో పడుకోవాలి.

ఇక పొడి. మాచా కోసం జపాన్‌లోని ఉజి వంటి చోట్ల తేయాకు పొదలకు కోతకు ముందు మూడు వారాలకు పైగా నీడ కడతారు. ఎండ తగలక ఆకులో పచ్చదనమూ కమ్మదనమూ పెరుగుతాయి. ఆ ఆకును రాతి తిరగలిలో మెల్లగా విసిరితే గంటకు దాదాపు 40 గ్రాములు వస్తుంది. (మన ఇసుర్రాయి ముందు కూర్చుని ఎవరైనా గంటకు అంతే విసిరితే ఆ పూట ఇంట్లో పస్తే.) గిరాకీ ఎంత పెరిగిందంటే 2024 శరదృతువులో ఇప్పోదో, మారుక్యు కోయమాయెన్ వంటి పేరుమోసిన అంగళ్లు మనిషికి ఇన్నేనని డబ్బాలకు పరిమితి పెట్టాయి. ఇంత అపురూపమైన పొడిని మీరు 300 గ్రాముల మైదాకు రెండు చెంచాల లెక్కన వేసి, పాలు, చక్కెర, వెన్నలో ముంచి, 180 డిగ్రీల ఓవెన్లోకి తోయాలి. వేడికి పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి, పచ్చ కాస్తా ఖాకీ రంగుకు తిరుగుతుంది. అందుకని ఫొటో ఓవెన్లో పెట్టకముందే తీసుకోండి. జపాన్‌వాళ్లు మేలు రకం తాగడానికి ఉంచుకుని, తక్కువ రకం మిఠాయిల్లో వాడతారు. మీరు మాత్రం ఖరీదైనదే కొనండి, నష్టానికైనా గౌరవం ఉండాలి.

పెరటి మునగాకు ఎండబెట్టి పొడి చేసి వేస్తే పోదా అని కొందరంటారు. వేయవచ్చు. మునగాకు వాసన మునగాకుదే, మాచా రుచి రాదు. అది ఒప్పుకోవాలి. కానీ అంత చక్కెర కింద ఆ తేడా కనిపెట్టేవారు మన ఇళ్లలో ఎందరు? ఖాకీ రంగు మాత్రం రెంటికీ ఒకేలా వస్తుంది. మునగాకుతో ఉన్న అసలు చిక్కు వేరు: చెట్టు పక్కింటిదైనా ఊరికే ఇస్తారు, ఊరికే వచ్చిన దాన్ని చుట్టాల ముందు పెట్టి ధర చెప్పలేము.

నల్లగొండవారికి ఇంకొక మాట. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో కూడబెట్టుకుంటుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతి లోకమంతటికీ నల్లగొండ టెక్నిక్‌గానే తెలుసు. బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న అలాంటి జిల్లాలో డబ్బిచ్చి ఫ్లోరైడ్ ఉన్న ఆకు తెప్పించుకోవడంలో ఒక దర్జా ఉంది. అయితే దీనితో ఎవరినీ భయపెట్టకూడదు. మాచాకు కోసేది లేతాకు, ముదురాకు కంటే అందులో ఫ్లోరైడ్ తక్కువ. పైగా ఒక బన్నులో పడేది గ్రాము లోపే. చూసుకోవలసింది నీళ్లను. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది. మర్రిగూడ, నాంపల్లి వైపు పాత బోరు నీళ్లతో పిండి కలపకండి, మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టండి. ఈ ఒక్క సూచన వెటకారం కాదు, జొన్నరొట్టె ఎసరుకూ ఇదే వర్తిస్తుంది.