డచ్చోళ్ళ పండగ

కొడుకు ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాడు. అక్కడ అప్పటికి శనివారం రాత్రి. బల్లార్‌పూర్‌లో తండ్రి ఫోన్‌ను పప్పుడబ్బాకు ఆనించి, చాయ్ గ్లాసుతో ఎదురుగా కూర్చుంటాడు. మిల్లు సైరన్ కంటే ముందు లేచే అలవాటు రిటైరయ్యాక కూడా ఆయనకు పోలేదు.

వాళ్ళది కరీంనగర్ వైపు. 1945లో పేపర్ మిల్లు పెట్టాక తాత వచ్చాడు. తండ్రికి మిల్లులో పని దొరకలేదు, మున్సిపాలిటీలో దొరికింది. కొడుకు ఇంజనీరయ్యాడు, అమెరికా వెళ్ళాడు. హైదరాబాద్ సంబంధం వచ్చింది. వియ్యంకుడు "తమరు ఏ సెక్షనండీ?" అని అడిగాడు. తండ్రి నోరు తెరిచేలోపు కొడుకు "హెల్త్" అన్నాడు. మాటలు కట్నకానుకల మీదికి వెళ్ళిపోయాయి.

కొడుకు ఉండే ఊరి పేరు హాలండ్. దేశం కాదు, మిషిగన్ రాష్ట్రంలో ఒక ఊరు. వాన్ రాల్టె అనే పాస్టర్ వెంట వచ్చిన డచ్చివాళ్ళు 1847లో అడవి కొట్టి కట్టుకున్నది. ఒక పాత గాలిమరను 1964లో నెదర్లాండ్స్ నుంచి తెచ్చుకుని అక్కడ నిలబెట్టుకున్నారు కూడా.

వారానికో డచ్చోడి గురించి చెప్పేవాడు కొడుకు. ఎనిమిదో ప్రెసిడెంట్ వాన్ బ్యూరెన్‌కు మొదట వచ్చింది డచ్చే, ఇంగ్లీషు తర్వాత. రూజ్‌వెల్ట్‌లు ఇద్దరూ వాళ్ళే. తండ్రికి నచ్చినవాడు మాత్రం వాండర్‌బిల్ట్. పదహారేళ్ళకు పడవలో జనాన్ని దాటించినవాడు, చివరికి రైళ్ళకే యజమాని అయ్యాడు.

"మన బల్లార్షా జంక్షనసొంటిది ఒక్కటన్న ఉండెనా ఆయనకు?"

"న్యూయార్క్‌ల గ్రాండ్ సెంట్రల్ మొదలు కట్టించిందే ఆయన, బాపూ."

తండ్రి తృప్తిగా తలూపాడు.

మే నెలలో వీడియో వచ్చింది. 1929లో మొదలైన ట్యులిప్ పూల పండగ అది. ఊరేగింపుకు ముందు ఊరి పెద్దలు వీధి తనిఖీ చేసి, మురికిగా ఉందని తేలుస్తారు. ఏటా అదే తీర్పు. అప్పుడు జనం పాతకాలపు డచ్చి బట్టలేసుకుని, కావడి బకెట్లతో నీళ్ళు తెచ్చి, కర్ర బూట్లు టకటకలాడిస్తూ వీధంతా చీపుర్లతో రుద్ది కడుగుతారు. రెండు పక్కలా జనం చప్పట్లు. ఆ వరుసలో నల్ల టోపీతో కొడుకు.

తండ్రి వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాడు.

"ఖరాటా గట్ల నిలువుగ పట్టుకుంటె నడుం పోతది. జర పక్కకు వాల్చాలె. నీళ్ళు పారే దిక్కు చూసి తొయ్యాలె గని, నువ్వు ఎదురు తోస్తున్నవ్."

కొడుకు నవ్వాడు. "ఇది పని గాదు బాపూ. డాక్టర్లు, టీచర్లు, అందరొస్తరు. ఆ వరుసల నిలబడుడే గౌరవం."

"ఎంతిస్తరు?"

"ఇచ్చుడేంది? బట్టలు గూడ మన పైసలతోనే."

తండ్రి కాసేపు మాట్లాడలేదు. పక్కింటి మరాఠీ ఆయన్ని పిలిచి వీడియో చూపించాడు. ఆయన "వా!" అన్నాడు.

"ఫోటో పంపుత. పెద్దగ చేయించి గోడకు పెట్టు," అన్నాడు కొడుకు. "ఆఫీసుల నా టేబుల్ మీద గూడ పెట్టుకున్న."

"హైదరాబాద్‌కు పంపినవా?"

"అందరికంటె ముందు వాళ్ళకే పంపిన. మామ మస్తు ఖుష్ అయిండు. అల్లుడు చీపురు పట్టిండని కాలనీ గ్రూపుల పెట్టి అందరికి చూపిస్తున్నడట."

తండ్రి గ్లాసు కింద పెట్టాడు.

"గట్లయితె బిడ్డా, హెల్త్ సెక్షన్ల ముప్పయ్యేండ్లు నా చేతిల ఏముండెనో మీ మామకు ఇగ చెప్పొచ్చునా?"