నేను కొలిచే శనగగింజ

గుంటూరు కొత్తపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌లో ఉంటాను. నన్ను ఎమ్మారై మిషన్ అంటారు. నా అయస్కాంతం బలం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంతానికి సుమారు 30 వేల రెట్లు. లోపల మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం. రాత్రి తాళాలు వేసుకుని అందరూ వెళ్లిపోయినా నా అయస్కాంతానికి సెలవు ఉండదు. "పిన్నీసులు, గొలుసులు తీసేశారా అమ్మా?" అని గుమ్మం దగ్గర టెక్నీషియన్ అందుకే అడుగుతాడు. మర్చిపోతే పిన్నీసు ఎగిరొచ్చి నాకు అతుక్కుంటుంది.

మా వంశకర్తలు లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ ఇచ్చారు. మేం రాకముందు తల ఎక్స్‌రేలో శనగగింజంత పిట్యూటరీ గ్రంథి కూర్చునే ఎముక గుంట కనిపించేదే తప్ప గ్రంథి కనిపించేది కాదు.

రోజూ నడుములు, మోకాళ్లు చూసే నాకు పిట్యూటరీ కేసంటే సరదా. పిట్ట కొంచెం, కూత ఘనం. బరువు అర గ్రాము. పెరుగుదల, నెలసరి, చనుబాలు, థైరాయిడ్ అన్నిటి మీదా దానిదే పెత్తనం. పైన కంటి నరాలు, రెండు పక్కలా మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళాలు. అంత ఇరుకులో ఉన్నదాని కోసం 3 మిల్లీమీటర్లు, ఇంకా పలచగా పొరలు తీస్తాను. తల మధ్యగా నిలువుగా తీసిన బొమ్మలో డాక్టరుగారు అడుగు నుంచి పై అంచుకు గీత గీసి ఎత్తు చూస్తారు. గ్రంథి వెనక భాగం తెల్లగా మెరుస్తుంది. అది మామూలే. పైనుంచి దిగే కాడ మందం మాత్రం 4 మిల్లీమీటర్లు దాటిందా, ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

ఎత్తుకు ఆయన నోటిలెక్క ఒకటుంది, మిల్లీమీటర్లలో: పిల్లలకు 6, మగవాళ్లకూ ముట్లుడిగిన ఆడవాళ్లకూ 8, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు 10, నిండు గర్భిణులకూ బాలింతలకూ 12 వరకు.

మొన్న ఓ పాతికేళ్ల అమ్మాయికి 9 వచ్చింది, పై అంచు కాస్త ఉబ్బుగా. వాళ్ల నాన్న ఫోన్‌లో వెతికి, "ఎనిమిది దాటకూడదట కదండీ!" అని ఒకటే కంగారు.

"ఆ లెక్క మీకండీ, అమ్మాయికి కాదు" అన్నారు డాక్టరుగారు.

అదే 9 వాళ్ల నాన్నకే వచ్చుంటే హార్మోన్ పరీక్షలు రాసేవారేమో. పెద్దవయసులో పై అంచు గుంటపడి గ్రంథి పలచబడటమూ ఉంది. రిపోర్టులో "ఎంప్టీ సెల్లా" అని చూసి హడలిపోతారు గానీ, చాలామందికి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

బొమ్మ తీయడం వచ్చుగానీ మనిషి వయసు నాకు తెలియదు. ఫారంలో దాన్ని మాత్రం తగ్గించి రాయకండి.