‘హాని లేదు’: సటీకం, సతాత్పర్యం

మూలం: “సదరు టవరు నిబంధనలకు లోబడియే ఉన్నది. హాని లేదు. ప్రజలు అపోహలు వీడవలెను.”

సూర్యాపేటలో సెల్ టవరు గురించి మా గల్లీవాళ్లం పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబిది.

టీక: ‘టవరు’ స్పష్టం. ‘ప్రజలు’ అన్న మాటకు అర్థం కచేరీల్లో వాడుక తప్పింది కనుక వదిలేస్తున్నాను.

‘మేడమీద’ అని అధ్యాహారం. ‘గంగలో గొల్లపల్లె’ అంటే ముఖ్యార్థానికి బాధ కలిగి, ‘గంగ ఒడ్డున’ అని లక్షణ చెప్పుకున్నారు ఆలంకారికులు. ఇక్కడ టవరు నిజంగానే మేడమీద ఉంది. ముఖ్యార్థానికి బాధ లేదు. ఉన్న బాధంతా ఎదురింటివాళ్లది. యాంటెన్నా కిరణం అడ్డంగా పోతుంది. అద్దె పుచ్చుకునే యజమాని దాని కింద, దీపం కింద చీకట్లో, చల్లగా పడుకుంటాడు.

‘సందేశం’ మూలంలో లేదు. అయినా చెబుతాను. మెతుకుసీమ మల్లినాథసూరి అక్కర లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టాడు, నేను పట్టలేదు. ఆయన సంజీవని వ్యాఖ్య రాసిన మేఘసందేశంలో రామగిరి నుంచి అలకాపురి దాకా కబురు పోతుంది, నడుమ ఒక్క టవరు లేదు. వంక దారైనా సరే ఉజ్జయిని చూసి వెళ్లమంటాడు యక్షుడు. రోమింగ్ అంటే అదే. ఆ మేఘం ఎవరి మేడమీదా ఒక్క రాత్రికి మించి తిష్ఠ వేయలేదు. ఉరిమిందే కాని, కరెంటు పోయిన ప్రతి రాత్రీ డీజిల్ జనరేటరై తెల్లవార్లూ గుర్రు పెట్టలేదు. పసిపిల్లలున్న గల్లీ ఇది!

‘నిబంధన’: 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం రేడియేషన్ హద్దును అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు దించింది. మంచి పనే. ఎదురుగా అదే ఎత్తులో ఇల్లుంటే ఒక యాంటెన్నాకు 20 మీటర్లు, ఆరింటికి 55 మీటర్లు ఎడం ఉండాలని టెలికం శాఖ మార్గదర్శకం చెప్పింది. మా గల్లీ వెడల్పు 20 అడుగులు. మీటరూ అడుగూ పర్యాయపదాలని అమరకోశంలో కనపడదు.

‘హాని లేదు’: ఇలాంటి అర్జీకే కోదాడ బంధువులకు వచ్చిన ప్రతిలో ‘హాని నిరూపితం కాలేదు’ అని పాఠాంతరం. మిర్యాలగూడ ప్రతిలో గ్రంథపాతం; అక్కడివాళ్లకు జవాబే రాలేదు. కోదాడ పాఠమే సాధువు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. ‘కావచ్చు’ అంటే ‘అవును’ కాదు, ఒప్పుకుంటాను. ‘లేదు’ కూడా కాదు. మీమాంసకుడు కుమారిలభట్టు మతంలో కుండ లేదనడానికీ ప్రమాణం ఉంది, అనుపలబ్ధి, అంటే కనపడకపోవడం. కాని ముందు గదిలోకి తొంగి చూడాలి. ఎదురింటాయన కుమారిలుణ్ణి చదవలేదు. “మీటరు పట్టుకొని ఒక్కడన్న వచ్చిండా సారూ?” అన్నాడు.

తాత్పర్యం: టెలికం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో 4000 రూపాయలు కడితే వచ్చి కొలుస్తారు. గల్లీలో చందాలు మొదలయ్యాయి. ఎదురింటాయన తన వాటా ఫోన్‌లో పంపుతానన్నాడు, ఇంకా అందలేదు. సిగ్నల్ లేదట.