హోదా కాయిన్ హోల్డర్లకు విజ్ఞప్తి

ట్రంప్ గారు ప్రమాణ స్వీకారానికి మూడు రోజుల ముందు, 2025 జనవరి 17న, తన పేరిట క్రిప్టో కాయిన్ వదిలారు. నూటికి 80 కాయిన్లు ఆయన మనుషుల దగ్గరే ఉంచుకున్నారు. 70 డాలర్లు దాటి ఎగిరిన రేటు పది రోజులు తిరక్కుండానే సగానికి జారింది. ఇది పెట్టుబడి కాదు, అభిమానానికి గుర్తు మాత్రమేనని ముందే రాసి పెట్టుకున్నారు. ఆ ముక్క చదివాకే నాకు ఒళ్లు మండింది. కాపీ కొట్టినవాడు ఆంధ్రప్రదేశ్ పేరైనా వేయొద్దా?

మన ప్రత్యేక హోదా కాయిన్ 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో విడుదలైంది. మన్మోహన్ సింగ్ ఐదేళ్లన్నారు, వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. బిల్లు పాసవకముందే రేటు రెట్టింపు! చట్టంలో మాత్రం ఆ ఊసే లేదు. కంటికి కనిపిస్తే అది క్రిప్టో ఎలా అవుతుంది?

2016లో జైట్లీ కాయిన్ లేదు, ప్యాకేజీ పట్టుకెళ్లండన్నారు. చంద్రబాబు అదే మహాప్రసాదమన్నారు, 2018లో కాయినే కావాలంటూ ఎన్డీయేలోంచి బయటికొచ్చారు. పాతిక మంది ఎంపీలనిస్తే కేంద్రం మెడలు వంచుతామన్నారు జగన్. 22 మందిని ఇచ్చాం. గెలిచిన వారంలోపే, వాళ్లకు మన అవసరం లేదు, అడుగుతూనే ఉండాలన్నారు. 2024లో ఆ అవసరమూ పడింది, టీడీపీకి 16 మంది ఉన్నారు. ఇప్పుడు అమ్మినవాళ్లే సరుకు పేరెత్తడం లేదు.

పోనీ, మా కోటబొమ్మాళి మండలంలోని నారాయణవలస పశువుల సంతలో దీన్ని లిస్టింగ్ చేయిద్దామని ఓ దళారిని కదిపాను. అక్కడా బేరం తువ్వాలు కిందే కదా, చేతిలో చెయ్యేసి వేళ్లు నొక్కడమే. పని సులువనుకున్నాను. ఆయన పక్కనున్న ఎద్దు కింది పెదవి కిందికి లాగి పళ్లు చూపించాడు.

"మీ సరుక్కి పళ్లెన్ని బాబూ?"

"ఇది కనిపించదు."

"కనిపించని గొడ్డునెవులు కొంతారు బాబూ?"

కొన్నారు. 2015 ఆగస్టులో తిరుపతిలో, హోదా సభలోనే, ఒక మనిషి ఒంటికి నిప్పంటించుకున్నాడు. మర్నాడు చనిపోయాడు. నాయకులారా, మీరు మైకులో చెప్పింది నిజమని నమ్మాడు, అంతే. ఆయన పోయాకా మీ కొనుగోళ్లు, అమ్మకాలు ఆగలేదు. హోదా వస్తే ఫ్యాక్టరీలొస్తాయన్నారే, మా కుర్రాళ్లు ఇంకా చెన్నై, హైదరాబాద్ రైళ్ల జనరల్ బోగీల్లో నిలబడే పోతున్నారు. మళ్లీ ఓట్లకు వస్తారుగా, అప్పుడు అదే మైకులో ముందు ఆ మనిషి పేరు చెప్పండి. గుర్తుంటే.