ఫోము పిట్ట పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక. భిలాయి ఉక్కు కర్మాగారంలో 130 మీటర్ల రైలు పట్టాను ఒకే ముక్కగా సాగదీస్తారు. మీటరుకు 60 కిలోల లెక్కన మొత్తం 7,800 కిలోలు. అలాంటి ఊళ్లో ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చిన మనిషి సాయంత్రమంతా 30 గ్రాముల తేడా గురించి గొంతు చించుకుంటున్నాడంటే, రిమోట్ విమానం కొనబోతున్నాడని గ్రహించాలి. అదే పట్టాలో ఒక్క సెంటీమీటరు కోస్తే 600 గ్రాములు. మీటరు లోపు రెక్కలతో గాల్లో పల్టీలు కొట్టే ఫోము విమానం, బ్యాటరీతో సహా, ఇంచుమించు అంతే తూగాలి. అట్టి కొనుగోలుదారు హితము గోరి చెప్పినదీ పద్యం. పద్యకర్తా వ్యాఖ్యాతా ఒక్కరే అయినా, ఇద్దరికీ అన్నిచోట్లా పొసగలేదని మనవి.

తే. ఫోము పిట్టనుఁ గొనఁబోవు బుద్ధిమంత!
బరువు తక్కువ, మోటారు బలము మెండు,
విరుగకుండఁగ వంగెడు వెన్ను మేలు;
తూకమును జూడు, రంగును తోసిపుచ్చు.

టీక. ఫోము పిట్టను = నురగ సరుకుతో చేసి రేడియోతో ఆడించే విమానాన్ని; కొనఁబోవు = ఇంకా డబ్బు కట్టని (కట్టేసినవాడికి ఈ పద్యంతో పని లేదు); బుద్ధిమంత = ఇది ఆశీర్వాదమే గాని వర్ణన కాదు; బలము మెండు = బరువును మించిన తోపు గల; వెన్ను = లక్షణచేత ఒళ్లంతా; తూకమును = బ్యాటరీ పెట్టాక కాటా చూపే అంకెను; తోసిపుచ్చు = పట్టించుకోకు.

తాత్పర్యం. అందం చూసి కొనకు, కాటా మీద పెట్టి కొను.

విశేషాలు. బలము అనగానే మోటారు పెట్టె మీద అచ్చేసిన అంకె అని పామరులు భ్రమిస్తారు. ఆ అంకె చాలాసార్లు నాలుగు సెల్లుల బ్యాటరీతో, అంటే 14.8 వోల్టులతో కొలిచినది. మీ చేతిలో ఉన్నది మూడు సెల్లులది, 11.1 వోల్టులు. కాబట్టి విమానం తోకకు లగేజీ తూచే చేతి త్రాసు తగిలించి, ముక్కు ఆకాశం వైపు నిలిపి, పంకాకు మొహం దూరంగా పెట్టి, పూర్తి థ్రాటిల్ ఇవ్వాలి. తోక త్రాసును పైకి లాగినంత మేరా మిగులు బలం. ముక్కు పైకెత్తి గాల్లో నిలబెట్టే విద్యలో రెక్కలకు పని లేదు. భారమంతా పంకాదే. ఆ స్థితిలో చుక్కానులకు తగిలేది కూడా పంకా ఊదే గాలి ఒక్కటే. అందుకే తోక చుక్కానులు చాటలంత ఉండి, ఆ గాలి దారిలోనే ఉండాలి. తోపు బరువుకు ఒకటిన్నర రెట్లు ఉంటే, నిలబెట్టినది జారుతున్నప్పుడు పైకి గుంజుకోవచ్చు. సరిసమానంగా ఉంటే నేల తప్ప వేరే దిక్కు లేదు.

ఇందులో భిలాయి విశేషం ఒకటుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండకు గాలి, 15 డిగ్రీల గాలి కన్నా దాదాపు పదో వంతు పలచన. పంకా తోపు ఆ మేరకు తగ్గుతుంది, రెక్క పట్టూ తగ్గుతుంది. జనవరిలో గంతులేసిన విమానం మేలో మొరాయిస్తే మోటారును తిట్టకూడదు. ఆ ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే రెక్కలు వంకరపోతాయి, బ్యాటరీ ఉబ్బుతుంది. ఇది పద్యంలో లేదు. కవి చలికాలంలో రాసి ఉంటాడు.

ఇక వెన్ను. రెక్క చివర రెండు వేళ్లతో పట్టి మెల్లగా వంచి చూడాలి. ఈపీపీ అనే మెత్తటి ఫోము వంగి, వదలగానే మళ్లీ నిటారుగా వస్తుంది. ఈపీవో నునుపుగా, అచ్చు బొమ్మలా ఉంటుంది గాని, ఒక హద్దు దాటితే తెల్లటి మడత గీత పడి అలాగే ఉండిపోతుంది. పలచటి డెప్రాన్ షీటు టప్పుమంటుంది. డెప్రాన్ తేలికలో మేటి, కాని అది థర్మోకోల్ జాతి. విరిగిన చోట ఫెవిక్విక్ పోస్తే అతక్కపోగా కరిగి గుంట పడుతుంది. ఈపీపీకి ఆ బాధ లేదు, హాట్ గ్లూ గన్ చాలు. నేర్చుకునేవాడికి ఈపీపీయే అని నా తీర్పు. రెక్కలో కార్బన్ కడ్డీ ఉందో లేదో మాత్రం తడిమి చూడాలి. లేకపోతే వేగంలో రెక్క వణుకుతుంది.

పూర్వపక్షం. “మావయ్యా, ఆ ఎర్రది అచ్చం మిగ్‌లా ఉంది, అదే కొందాం” అని మేనల్లుడు. “ఎంత తూగుతుందిరా?” అని సిద్ధాంతి. సమాధానం రాలేదు గనుక పూర్వపక్షం వీగిపోయింది.

అయితే “రంగును తోసిపుచ్చు” అన్నచోట వ్యాఖ్యాత కవిని సమర్థించలేడు. బోర్లా తిప్పి ఎగరేసేటప్పుడు పైభాగమూ కడుపూ ఒకే రంగైతే, ఏది ఏదో తెలిసే లోపు నేల వచ్చేస్తుంది. కడుపున నల్ల చారలో, గళ్లో ఉండి తీరాలి. రెండో అపవాదం సర్కారుది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపున్నది మైక్రో తరగతి. డిజిటల్ స్కై పటంలో పచ్చరంగు పడినచోట 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. పసుపైతే ముందు అనుమతి కావాలి, ఎరుపైతే కేంద్రం అనుమతి లేనిదే కుదరదు. కొలిమి పొగగొట్టాలు కనపడే మైదానం ఎంత విశాలంగా ఉన్నా, ఆ పటం చూశాకే బ్యాటరీ తగిలించాలి.